డాక్టరుగారి తూటాల పట్టిక

2023 ఫిబ్రవరి. మెల్‌బోర్న్ పడమటి అంచున, ట్రుగనీనాలో గోడౌన్ల మధ్య మా షాపు. ఒక పక్క టైల్స్ అమ్మేవాళ్ళు, ఇంకో పక్క లారీ టైర్లు మార్చేవాళ్ళు, మధ్యలో మేము. బయట బోర్డు చిన్నది. లోపలికి రావాలంటే రెండు తలుపులు దాటాలి, రెండోది మేము బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది. మేము అమ్మేది తుపాకులు, తూటాలు, వాటిని దాచే ఇనప్పెట్టెలు.

కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడ స్థిరపడే పీఆర్ వీసా కోసం తిప్పలు పడుతున్న రోజుల్లో ఈ షాపులో ఫోన్లు ఎత్తే పనికి చేరాను. యజమాని గ్రాహం రెండేళ్ళు చూసి, "నీకు ఓపిక ఎక్కువ, కౌంటర్లో నిలబడు" అన్నాడు. నాకు ఓపిక ఉందని ఆయన ఏం చూసి అనుకున్నాడో ఇప్పటికీ అర్థం కాదు. శిక్షణ తీసుకున్నాను, పోలీసు అనుమతి తెచ్చుకున్నాను, శనివారాలు దగ్గర్లో ఉన్న పిస్టల్ క్లబ్బులో రేంజ్ ఆఫీసర్‌గా కూడా చేస్తున్నాను. అంటే కాల్చేవాళ్ళ వెనక నిలబడి, ఎవరూ ఎవరినీ కాల్చుకోకుండా చూసే పని.

మనవాళ్ళు తలో వంటకం తెచ్చుకునే పోట్లక్‌లో ఎవరైనా "ఏం చేస్తావమ్మా?" అని అడిగి, నేను చెప్పగానే చేతిలో పులిహోర ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోతారు. ఐదు నిమిషాలు గడిచాక మగవాళ్ళు ఒక్కొక్కరే పక్కకొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: "అది సరేగానీ, ఏది మంచిది?" ఏ పనికి మంచిదో ఒక్కడూ చెప్పడు.

ఆ ఫిబ్రవరిలో డాక్టరుగారు వచ్చారు. గుంటూరు ఆయన. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఆపరేషన్లు చేసి ఈమధ్యే రిటైరయ్యారు. మా ఏరియాలో సగం మంది కడుపులు ఆయన కోసినవే. చంకలో మనవరాలు, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. మనవరాలి పేరు ఇషా, అప్పటికి మూడేళ్ళు నిండాయి. వాళ్ళమ్మ నర్సు, డ్యూటీ ఉన్న రోజుల్లో పాపను తాతయ్య దగ్గర వదిలి వెళుతుంది.

ఫోల్డర్లోంచి నాలుగు కాగితాలు తీసి కౌంటర్ మీద పరిచారు. కాంపాక్ట్ పిస్టల్‌కి, అంటే జేబులో పట్టేంత పొట్టి పిస్టల్‌కి, ఏ తూటా మేలో తేల్చే పట్టిక అది. నైన్ ఎంఎం, త్రీ ఎయిటీ, ఫార్టీ, థర్టీ ఎయిట్ స్పెషల్. ఒక్కోదానికి బరువు, వేగం, చేతికి తగిలే అదురు, అన్నీ పదికి మార్కులు వేసి, చివర మొత్తం కూడారు. మందుల కంపెనీవాళ్ళు మాత్రలు పోల్చినట్టు.

"నైన్ ఎంఎంకి, ఫార్టీకి మధ్య హాఫ్ మార్కే తేడా వస్తోందమ్మా. నీ ఎక్స్‌పీరియెన్స్‌లో ఏది బెస్టు?"

"దేనికి అంకుల్?"

"ఇన్ జనరల్."

నాకు ఒళ్ళు మండింది. జనరల్‌గా ఏ మందు మంచిదని నేను ఆయన్ని అడిగితే ఊరుకునేవారా? అయినా పెద్దమనిషి, మనవాళ్ళు. కాబట్టి మొదటినుంచీ చెప్పాను. ఈ దేశంలో గురి పోటీల కోసం ఆటోమేటిగ్గా లోడయ్యే పిస్టల్ కొనేవాళ్ళకి గొట్టం కనీసం నూట ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి. కాంపాక్ట్ అనేది అంతకన్నా పొట్టి. అది మీకు నేనే కాదు, ఎవరూ అమ్మరు. ఫార్టీ తూటా వ్యాసం కూడా మామూలు లైసెన్సుకి ఉన్న పరిమితి దాటుతుంది, దానికి ప్రత్యేకమైన పోటీలు ఆడాలి. అంటే పట్టికలో సగం, మొదటి కాగితం తిప్పకముందే గల్లంతు.

"మరి యూట్యూబ్‌లో అందరూ..."

"వాళ్ళు అమెరికాల ఉన్నరు అంకుల్. మనం ట్రుగనీనాల ఉన్నం."

అప్పుడు చూశాను చివరి కాలమ్. 'ఆపే శక్తి' అని రాసి, దానికి డబుల్ మార్కులు ఇచ్చారు. పెన్ను దానిమీద పెట్టాను.

"ఈ కాలమ్ ఎందుకు? కాగితం టార్గెట్ ఎటూ ఉరకదు కద. దాన్ని ఆపేదేముంది?"

ఆయన మొహం వాడిపోయింది. నెల కిందట వాళ్ళింట్లో దొంగలు పడ్డారట. అందరూ ఇంట్లో ఉండగానే వంటింటి తలుపు పగలగొట్టి, కారు తాళాలు తీసుకుని, కారు నడుపుకుంటూ పోయారట. "మీ ఆంటీకి నిద్ర లేదమ్మా. ఇషా మా దగ్గరుంటుంది. ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా, ప్రొటెక్షన్‌కి..."

"అంకుల్, ఆ మాట ఇక్కడ అనొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను, గ్రాహం తలెత్తి చూశాడు. "ఆత్మరక్షణకని తుపాకీ ఈ దేశంల ఇయ్యరు. ఆ మాట ఇన్న తర్వాత మీకు అమ్మితే ముందు మా లైసెన్సు పోతది. ఇంటికి పోయి మంచి తాళం పెట్టించుకోండ్రి, అలారం పెట్టించుకోండ్రి, కెమెరాలు పెట్టించుకోండ్రి."

ఈ మధ్యలో ఇషా అద్దాల బీరువాలోని పిస్టళ్ళకేసి వేలు చూపించి, "తాతయ్యా, కెన్ ఐ హోల్డ్ ఇట్?" అంది. "నో డార్లింగ్" అన్నాం ఇద్దరం ఒకేసారి. దానికో లాలీపాప్ ఇచ్చి పంపించాను. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. నెల తిరక్కుండా ఆయన పిస్టల్ క్లబ్బులో చేరడానికి వచ్చారు. "ఆ ఆలోచన మానేశానమ్మా. తాళాలు మార్పించాం, కెమెరాలు పెట్టించాం. కానీ నువ్వు చెప్పాక ఈ టార్గెట్ షూటింగ్ గురించి చదివాను, ఇంట్రెస్టింగ్‌గా ఉంది. రిటైరయ్యాక చేతులు ఊరుకోవట్లేదు" అన్నారు. కమిటీవాళ్ళు నన్ను అడిగారు, ఈయన నీకు తెలుసా అని. తెలుసు, నమ్మకమైన మనిషి, నాదీ పూచీ అని చెప్పాను. ఆ ఒక్క మాటకి తర్వాత నేను పడ్డ బాధ దేవుడికే తెలియాలి.

కొత్తవాళ్ళు మొదటి ఆరు నెలలు సొంత తుపాకీ కొనకూడదు, క్లబ్బు తుపాకీతోనే నేర్చుకోవాలి. ఆరు నెలల్లో ఆయన నన్ను కాల్చుకు తిన్నారు. రోజుకో వాట్సాప్ మెసేజి. నూట పదిహేను గ్రెయినా, నూట ఇరవై నాలుగా, నూట నలభై ఏడా? గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలిచే ప్రమాణం, పదిహేను గ్రెయిన్లు కలిస్తే దాదాపు ఒక గ్రాము. అంటే ఈ మనిషి పొద్దున్నే లేచి అర గ్రాము తేడా గురించి నాతో పోట్లాడుతున్నాడన్నమాట. "ముందు అన్ని తూటాలూ ఒకే చోట తగలనీయండ్రి, తర్వాత గ్రెయిన్ల సంగతి చూద్దాం" అని రాసేదాన్ని. బొటనవేలు గుర్తు ఒకటి వచ్చేది, దాని వెనకే ఇంకో ప్రశ్న.

ఒక శనివారం విసిగిపోయి, ఆ పట్టిక సంగతేదో ఇవ్వాళ తేల్చేద్దామని మూడు తుపాకులు వరసగా పెట్టాను. చిన్న ట్వెంటీ టూ ఒకటి, థర్టీ ఎయిట్ రివాల్వర్ ఒకటి, నైన్ ఎంఎం ఒకటి. ట్వెంటీ టూతో ఆయన పదికి పది నల్ల గుండ్రంలో కొట్టారు, ఆపరేషన్లు చేసిన చెయ్యి కదా. రివాల్వర్‌తో ఏడు. నైన్ ఎంఎం దగ్గరికొచ్చేసరికి, పేలకముందే మోతకి భయపడి కళ్ళు మూసి మణికట్టు కిందికి వంచుతున్నారు. నాలుగే తగిలాయి. కాంపాక్ట్ అయితే ఇంకా ఘోరంగా ఉండేదని చెప్పాను. గొట్టం పొట్టిదైతే తూటాలోని మందు పూర్తిగా కాలేలోపే బులెట్ బయటపడుతుంది. వేగం తగ్గుతుంది, మంట, మోత పెరుగుతాయి, పిస్టల్ తేలిక కాబట్టి చెయ్యి మరీ అదురుతుంది. మీరు మార్కులేసిన వేగాలన్నీ పొడుగు గొట్టాలతో కొలిచినవి అన్నాను. "అయ్యో, ఆ కాలమ్ మళ్ళీ చేయాలా?" అన్నారు. నేను తల పట్టుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. తుపాకీ ఖాళీ చేసే పద్ధతి. ముందు మ్యాగజైన్ తీయాలి, అంటే తూటాలుండే డబ్బా. అది తీసినంతమాత్రాన తుపాకీ ఖాళీ కాదు, గొట్టం వెనక గదిలో ఒక తూటా ఉండిపోవచ్చు. కాబట్టి పై భాగం వెనక్కి లాగి ఆ గదిలోకి కళ్ళతో చూడాలి, వేలు పెట్టి తడమాలి. క్లబ్బులో ఆయన ఇది ఒక్కసారి కూడా తప్పలేదు. ఆపరేషన్ అయ్యాక లోపల ఏమీ మర్చిపోలేదు కదా అని లెక్క చూసుకున్నట్టే ఇదీ అనేవారు.

మొత్తానికి మరుసటి ఏడాది వేసవి పోయాక, పర్మిట్ వచ్చాక, పొడుగు గొట్టం నైన్ ఎంఎం పిస్టల్ కొన్నారు. ఇనప్పెట్టె గోడకి బోల్టు చేయించారు. తూటాలకి వేరే తాళం పెట్టె. పోలీసులు వచ్చి చూసి బాగుందన్నారు. నూట ఇరవై నాలుగు గ్రెయిన్ల దగ్గర పట్టిక ఆగింది. పట్టిక బాధ తీరిందని గ్రాహంకి నేను టీ ఇచ్చాను.

ఆ అక్టోబరులో దసరా. ఆంటీ ఫోన్ చేశారు. "శనివారం ఆయుధపూజ చేసుకుంటున్నాం, తప్పకుండా రావాలి శైలజా. మధ్యాహ్నం భోజనం ఇక్కడే." క్లబ్బు ముగించుకుని ఒంటిగంటకి వెళ్ళాను. హాల్లో ఇరవై మంది. గారెల వాసన, పిల్లల అరుపులు. కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి దణ్ణం పెట్టుకోడానికి వెళ్ళాను.

అమ్మవారి ముందు పీట. పీట మీద పట్టుగుడ్డ. దానిమీద కారు తాళాలు, అంకుల్ స్టెతస్కోపు, కూతురి లాప్‌టాప్, వంటింటి కత్తులు. వాటి మధ్యలో పిస్టల్. దానికి పసుపు, కుంకుమ బొట్లు, పైన చామంతి దండ. పక్కనే తమలపాకులో ఐదు తూటాలు, ఒక్కోదానికీ ఒక్కో బొట్టు.

నా వెనక ఆంటీ మురిసిపోతూ, "బావుందా? ఆయుధం అంటే ఇదే కదా మరి. మన ఇళ్ళల్లో ఎవరికుంది చెప్పు?" అన్నారు. ఆవిడ నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది. అందులో ఇనప్పెట్టె తాళంచెవి, తూటాల పెట్టె తాళంచెవి కూడా ఉన్నాయి. ఇంట్లో తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి, ఇల్లాలు కదా. లైసెన్సు లేనివాళ్ళ చేతికి ఆ తాళంచెవులు అందకూడదని ఆయనకి నేను చెప్పిన సంగతి పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి గుర్తుండదన్నమాట.

"ఆంటీ, పిల్లల్నందర్నీ బయటికి పంపించుండ్రి. ఎంటనే. అంకుల్ని పిలవండ్రి."

నా గొంతు విని ఆవిడ పిల్లల్ని బయటికి తోలి, ఆయన్ని కేకేశారు. డాక్టరుగారు పంచెకట్టుతో, నుదుట బొట్టుతో నవ్వుతూ వచ్చారు.

"ఏంది అంకుల్ ఇది? ఏంది?"

"పది నిమిషాల పనేనమ్మా, హారతి ఇచ్చేసి లోపల పెట్టేస్తా. వర్జ్యం వచ్చేస్తోందని మీ ఆంటీ తొందర పెట్టింది. ఖాళీయే. మ్యాగజైన్ తీశాను, చూశావా?"

నేను దండ తీశాను. పిస్టల్ని ఇటుక గోడవైపు తిప్పి, పై భాగం వెనక్కి లాగాను.

తూటా ఒకటి ఎగిరి పీట మీద పడి, దొర్లుకుంటూ అమ్మవారి ముందున్న కుంకుమ భరిణకి తగిలి ఆగింది.

గదిలో ముగ్గురమే ఉన్నాం. ముందు చెయ్యాల్సింది చేశాను. మళ్ళీ లాగాను, గొట్టం వెనక గదిలోకి చూశాను, వేలు పెట్టి తడిమాను. ఖాళీ. అప్పుడు అడిగాను.

"లోడ్ చేసి పెట్టిండ్రా? ఇంట్ల?"

ఆయన గోడకి జారబడ్డారు. పదిరోజుల కిందట పక్కింటివాళ్ళ కారు పోయిందట. ఆ రోజే లోడ్ చేసి ఇనప్పెట్టెలో పెట్టారట. "కెమెరాల వల్ల ఏం లాభమమ్మా, మొహాలకి మాస్కులేసుకుని వస్తున్నారు. అవసరం వస్తే టైము ఉండదు కదా అని... పొద్దున పూజ హడావిడిలో మ్యాగజైన్ తీశాను. ఒకటి లోపల ఉందన్నది... మర్చిపోయాను. నేను. మర్చిపోయాను."

ఆంటీకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. నా చేతిలో పిస్టల్ వైపు చూస్తూ, మెల్లగా అన్నారు, "బొట్లన్నీ ఇషానే పెట్టిందమ్మా. నేను చేస్తా అమ్మమ్మా అని మారాం చేస్తే, పోన్లే, ఖాళీయేగా అని..."

చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూశాను. పైన మూడు బొట్లు, పిడి మీద రెండు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప చుట్టు లోపలివైపు, సరిగ్గా ట్రిగ్గర్ పక్కన, ఇంకొకటి. ఇషా చిటికెన వేలి కొనంత.

నేను కింద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. డాక్టరుగారు ఏడ్చారు. హాల్లో ఎవరో "గారెలు చల్లారిపోతున్నాయి, రండి" అని కేకేస్తున్నారు.

పిస్టల్, తూటాలు వేరువేరు పెట్టెల్లో పెట్టి తాళాలేసి, గుత్తిలోంచి ఆ రెండు తాళంచెవులూ తీసి ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "శైలజా, ముప్ఫై ఏళ్ళ పేరమ్మా నాది. ఏమీ కాలేదు కదా. ఇది మన మధ్యే ఉంచు. మన పిల్లవి కదా నువ్వు."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. మన పిల్లనని, మనవాళ్ళని, పెద్దవాళ్ళని నేను పూచీ ఉన్నాను. ఏడాదిన్నర పట్టికలు భరించాను. ఎన్ని గ్రెయిన్లు, ఎంత వేగం, ఎంత అదురు, అన్నీ తేల్చుకున్న మనిషి, ఇంట్లో నాలుగేళ్ళ పాప తిరుగుతుందన్న కాలమ్ ఒక్కటీ వేసుకోలేదు.

"రేపొద్దున మీరే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్తరు. పిస్టల్ మా షాపుల అప్పజెప్తరు. మీరు చెయ్యకపోతే పదిగంటలకు నేను చేస్త" అన్నాను. "దానికంటే ముందు మీ బిడ్డకు చెప్పుండ్రి. అన్నం తినే లోపల. పోలీసులకు చెప్పుడు అల్క. ఆమెకు చెప్పుండ్రి."

భోజనం చెయ్యకుండా వచ్చేశాను. కారులో కూర్చుని గ్రాహంకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన ముందు "పాప బాగుందా?" అని అడిగాడు. బాగుందన్నాను. "అయితే రేపు మాట్లాడదాం" అన్నాడు. క్లబ్బు కమిటీకి నేనే ఉత్తరం రాసి, ఇకమీద ఎవరికీ నా పూచీ ఉండదని చెప్పాను. అప్పటినుంచి ఇవ్వలేదు కూడా.

మర్నాడు పొద్దున డాక్టరుగారు పోలీసులకి ఫోన్ చేశారు. అన్నమాట నిలబెట్టుకున్నారు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాలి. పిస్టల్ మా షాపుకి చేరింది, లైసెన్సు పోయింది. మిగతా విచారణ సంగతులు ఆయనవి, నేను రాయను. పిస్టల్ తెచ్చిన రోజు ఫోల్డరు కూడా తెచ్చారు. కౌంటర్ మీద పెట్టి, "చింపెయ్యమ్మా" అన్నారు. మనిషి సగమైపోయారు.

"ఇషా ఎట్లుంది అంకుల్?"

"వాళ్ళమ్మ పంపడం లేదు. వీడియో కాల్లో చూపిస్తుంది" అన్నారు. ఫోల్డరు అంచులు సర్దుతూ, "దొంగలొస్తారని నిద్రపట్టేది కాదమ్మా. ఇప్పుడు దాని వేలు గుర్తొచ్చి పట్టట్లేదు" అన్నారు.

అంత కోపంగా ఉన్నదాన్ని, వెళ్ళి టీ పెట్టుకొచ్చాను. ఇద్దరం తాగాం. ఆ రోజు ఆయన తూటాల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే బావుండునని మొదటిసారి అనిపించింది.

అమ్మకానికి పెట్టేముందు పిస్టల్ శుభ్రం చెయ్యాలి. పైన బొట్లు గుడ్డతో పోయాయి. ట్రిగ్గర్ పక్కనున్నది మాత్రం సందులోకి దిగి, బ్రష్ పెట్టి రుద్దినా వదల్లేదు. గ్రాహం నా భుజం మీదుగా చూసి, "తుప్పా?" అన్నాడు. "కాదు, ఇషా" అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, సన్నటి బ్రష్ ఇంకోటి తీసి ఇచ్చాడు.

ఈ పని నాకు తూటాల గురించి చాలా నేర్పింది. మనుషుల గురించి ఈ ఒక్క కేసే నేర్పింది. తుపాకీ మనిషి భయాన్ని పోగొట్టదు, ఆ భయాన్ని ఇంట్లో పిల్లలు తిరిగే చోటికి తెచ్చి పెడుతుంది. ఇది నేను ఆ మొదటి రోజే, ఆ చివరి కాలమ్ చూసినప్పుడే పట్టుకోవాల్సింది. పెన్ను దానిమీద పెట్టి కూడా, మనవాళ్ళు కదా అని తీసేశాను.

పోయిన వారం ఒకబ్బాయి వచ్చాడు. మనవాడే, హైదరాబాద్. ఫోన్ తీసి చూపించాడు. "అక్కా, నైన్ ఎంఎం బెటరా, త్రీ ఎయిటీ బెటరా?"

"ఇంట్ల పిల్లలున్నరా తమ్ముడూ?"

అతనికి చిరాకేసింది. "నేను అడిగిందేంది అక్కా, నువ్వు అడుగుతున్నదేంది?"

"ముందు దీనికి చెప్పు" అన్నాను.